పొలమారకుండా

ఆడిట్ వాళ్లు వచ్చేలోపు చెయ్యాల్సిన పనులు:

పేరు లేని ఫైళ్లకి పేర్లు పెట్టాలి.
ఒకే కాగితం రెండుసార్లు ఎక్కి ఉంటే ఒకటి తీసెయ్యాలి.
ఇళ్లకి పట్టుకెళ్లిన లాప్‌టాప్‌లలో పాతబడిన కాపీలు వాటంతటవే చెరిగిపోయేలా ఏర్పాటు చెయ్యాలి.
ఉద్యోగం మానేసినవాళ్ల పాస్‌వర్డులు రద్దు చెయ్యాలి.
మేనేజరు గారి సంతకం తలకిందులుగా స్కాన్ అయిన చోటల్లా మళ్లీ స్కాన్ చెయ్యాలి. ఆ సంగతి ఆయనకి మెల్లగా చెప్పాలి.
ఎర్ర తాళాలన్నీ తీయించాలి.
కామా అక్కకి ఫోన్ చెయ్యాలి.

ఇది రాసుకున్న అమ్మాయిని ఆఫీసులో అందరూ తాళాలమ్మాయి అనేవాళ్లు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. ఒక పెద్ద ఆసుపత్రిలో, మందుల వాసన రాని ఒకే ఒక్క అంతస్తులో ఆమె ఉద్యోగం. రోగుల్ని ఇంటికి పంపేటప్పుడు చేతికిస్తారే చిన్న చిన్న పుస్తకాలు, కట్టు ఎలా మార్చాలి, ఏ మందు ఎప్పుడు వెయ్యాలి, ఏది కనిపిస్తే వెంటనే తీసుకురావాలి అని, అవన్నీ తయారయ్యేది అక్కడే. డాక్టర్లు చెప్పినది ఇంటి భాషలోకి దించడం, అచ్చుకి పంపడం, మారినప్పుడల్లా పాతది తీసి కొత్తది పెట్టడం. ఈ వ్యవహారమంతా కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ చూసుకునేది. దానికీ ఓ నోరు తిరగని పేరుంది. ఆఫీసువాళ్లు మాత్రం బీరువా అనేవాళ్లు.

బీరువా పద్ధతి ఇది. పుస్తకంలో ఏదైనా మార్చాలంటే ముందు దాన్ని బీరువాలోంచి మన పేరు మీద తీసుకోవాలి. తీసుకోగానే దాని పక్కన ఎర్ర తాళం పడుతుంది. మిగతావాళ్లు చదువుకోవచ్చు గానీ అక్షరం కదపలేరు. పని అయ్యాక తిరిగి పెడితే తాళం పచ్చబడుతుంది. ఈ తీసుకోవడానికీ పెట్టడానికీ బీరువా ఏవేవో పెద్ద మాటలు వాడేది. అచ్చుపని చూసే ఫాంటన్న వాటిని ఒక్క పూటలో ఇంటిమాటలు చేసి పారేశాడు. ఫైలు ఎవరైనా తీసుకుంటే "అత్తారింటికెళ్లింది". తిరిగి పెడితే "పుట్టింటికొచ్చింది". తీసుకున్న మనిషి ఎంతకీ వదలకపోతే, పెత్తనం ఉన్నవాళ్లు బలవంతంగా తాళం తీసెయ్యొచ్చు. దానికి "విడాకులు" అని పేరు పెట్టాడు. ఆ పెత్తనం ఆఫీసు మొత్తం మీద ఆ అమ్మాయి ఒక్కదానికే ఉంది. అందుకే తాళాలమ్మాయి.

"తాళాలమ్మా, గుండె ఆపరేషన్ పుస్తకం ఎక్కడుందమ్మా? నాకు దొరకట్లేదు."

"అత్తారింట్లో ఉందన్నా."

"ఎవరా మహాతల్లి? ఇన్నాళ్లు పెట్టుకుని ఏం చేస్తోంది?"

"నీ పేరు మీదే ఉంది."

"ఓరి నాయనో! నేనేనా అత్తగారిని!"

ఆమె ఇంట్లో డిగ్రీ చేతికి తీసుకున్న మొదటి మనిషి ఆమే. ఆ పట్టాకి వాళ్ల నాన్న అద్దం కట్టించి గోడకి తగిలించాడు. ఎండ పడితే అక్షరాలు వెలిసిపోతాయని మధ్యాహ్నం పూట దాని మీద తువ్వాలు కప్పేవాడు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్ల ఆఫీసులో ఎలా ఉంటుంది? చెప్పిన పని చెప్పినట్టు చేసేది. చెప్పనిది అడిగి చేసేది. పనుల పట్టీలో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతుంటే, మనం ఇక్కడ ఉండదగినవాళ్లమే అన్న ధైర్యం ఆమెకి కాస్త కాస్త పేరుకునేది.

ఇక కామా అక్క. ఆఫీసులో అందరికన్నా పాత మనిషి. డాక్టర్ల మాటల్ని ఇంటిమాటలు చేసే పని ఆవిడది. వాక్యం రాస్తే దాని నిండా కామాలే. అందుకే ఆ పేరు. తాళాలమ్మాయి కొత్తగా చేరినప్పుడు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకుని పని నేర్పింది ఆవిడే. అన్నీ నేర్చుకుంది గానీ ఈ కామాల దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ. వాక్యాలు పొట్టిగా ఉండాలి, అనవసరమైన గుర్తులు ఉండకూడదు అని మేనేజరు గారు ఒక నియమాల కాగితం తయారు చేశారు. తాళాలమ్మాయికి ఆ కాగితం కంఠతా వచ్చు.

"అక్కా, ఒక్క వాక్యంలో ఇన్ని కామాలేంటి?"

"ఉంటే నీకేమే? చీమలా, కుట్టడానికి?"

"రూలుంది కదక్కా."

"ఆ రూలు రాసినాయన ఎప్పుడైనా పైకి చదివాడా? నువ్వు చదువు. కళ్లతో కాదు, నోటితో చదువు. నీకు ఊపిరి ఎక్కడ కావాలో అక్కడ నా కామా ఉంటుంది చూడు."

అమ్మాయి నవ్వి ఊరుకునేది. అచ్చుకి పంపేముందు మాత్రం కూర్చుని అక్క కామాల్ని ఒక్కొక్కటే ఏరేసేది. పుస్తకం అచ్చయి వచ్చాక అక్క పేజీలు తిప్పి, కళ్లజోడు పైకి నెట్టి, అందరికీ వినపడేలా అనేది. "మన బీరువాలో మళ్లీ ఎలుకలు పడ్డాయమ్మా. నా కామాలు కొరికేశాయి." ఆ ఎలుక ఎవరో ఆవిడకి తెలుసు. ఒక్కనాడు కూడా మేనేజరు దాకా తీసుకెళ్లలేదు.

అక్క భర్త లెక్కల మాస్టారు. అందరూ బావగారు అనేవాళ్లు. ఆయనకి ఒకరోజు బడిలో, బోర్డు మీద రాస్తూ రాస్తూనే, కుడి పక్క పడిపోయింది. ప్రాణం దక్కింది. మాట ముద్దగా అయింది. మింగడం కష్టమైంది. ఇదే ఆసుపత్రిలో ఉంచి, ఇంటికి పంపే రోజున నర్సమ్మ అక్క చేతిలో ఒక పుస్తకం పెట్టింది. "మింగడం కష్టమైనవారికి తినిపించే విధానం". ఎన్నో ఏళ్ల కిందట అక్కే రాసిన పుస్తకం.

సెలవు కాగితం ఇవ్వడానికి ఆఫీసుకి వచ్చినప్పుడు ఆవిడ ఆ పుస్తకాన్ని తాళాలమ్మాయి బల్ల మీద పడేసింది.

"చదువు దీన్ని. 'రోగిని నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో కొద్దికొద్దిగా తినిపించవలెను.' ఎవత్తి రాసిందే ఇది? కొద్దికొద్దిగా అంటే ఎంత? మనిషి ఒక పక్కకి జారిపోతుంటే నిటారుగా ఎలా కూర్చోబెడతావ్? ఇది రాసినది జన్మలో ఒక్కరికి తినిపించిన పాపాన పోయిందా?"

"నువ్వే కదక్కా రాసింది."

"అదే కదే నా ఏడుపు."

ఆరోజు అక్క ఆ పుస్తకాన్ని బీరువాలోంచి తన పేరు మీద తీసుకుని, అది ఎక్కించుకున్న ఆఫీసు లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్లింది. ఆయనకి తినిపిస్తూ, తినిపించేదంతా రాస్తానంది. బీరువాలో పుస్తకం పక్కన ఎర్ర తాళం పడింది. ఆఫీసు తీగ తగిలిస్తే తప్ప ఆ లాప్‌టాప్‌కి బీరువాతో మాట ఉండదు. కాబట్టి అక్క రాసేదంతా అక్క దగ్గరే, ఆ ఒక్క యంత్రంలోనే పోగవుతూ వచ్చింది.

మధ్యాహ్నం బావగారికి కాస్త కన్నంటుకున్నప్పుడు అక్క ఫోన్ చేసేది. రాసినంతవరకు చదివి వినిపించేది. మొదట్లో తాళాలమ్మాయి పని పక్కన పెట్టి, మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడి వినేది.

"దిండు వీపుకి కాదే పెట్టాల్సింది, పడిపోయిన పక్క చంక కింద. అది తెలియడానికి నాకు ఎన్ని చీరలు మరకలయ్యాయో. ఇంకోటి విను. పొలమారడం గురించి రాశాను. ఇదివరకు ఎవరికైనా పొలమారితే, ఎవరో తలుచుకుంటున్నారే అని నెత్తి మీద తట్టి నవ్వేవాళ్లం. ఇప్పుడు ఈయనకి కొంచెం దగ్గొస్తే నా గుండె చేతిలోకొస్తోంది. నిన్న అంటున్నాను, ఎవరండీ అది, బడిలో మీ పాత పిల్లలా, కాస్త ఆగి తలుచుకోమని చెప్పండి అని. నవ్వాడే మీ బావ. సగం మూతితోనే నవ్వాడు."

తర్వాత ఆడిట్ మాట వచ్చింది. ఆసుపత్రి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి బయటివాళ్లు వస్తారు. వాళ్లు మెచ్చుకుంటే ఆసుపత్రికి పేరు. తాళాలమ్మాయి ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద మేనేజరు గారు సంతకం పెట్టాల్సింది కూడా ఆ తర్వాతే. పట్టీ అప్పుడు రాసుకున్నదే. అప్పట్నుంచి అక్క ఫోన్లకి మెట్ల దగ్గరికి వెళ్లడం మానేసింది. ఫోను బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కి, ఇటు ఫైళ్లకి పేర్లు పెట్టుకుంటూ అటు ఊకొట్టేది.

అక్క చెంచా గురించి చదివింది. ఊ. గొంతు మీద వేలు ఆనించి మింగాడో లేదో చూసుకోవడం గురించి చదివింది. ఊ. పొలమారకుండా నీళ్లు చిక్కబరచడం గురించి, కోపం వచ్చి మూతి బిగించుకుంటే ఏం చెయ్యాలో, తినిపించేవాళ్లకి ఏడుపొస్తే మొహం ఎటు తిప్పుకోవాలో చదివింది. ఊ, బాగుందక్కా. బల్ల అవతల నుంచి ఫాంటన్న ఏదో అడిగితే దానికీ జవాబు చెప్పింది.

"పని మీదున్నావా?" అంది అక్క.

"లేదక్కా, వింటున్నా, చదువు."

అక్క మెల్లగా, కామా కామాకీ ఆగుతూ, చదివింది.

"మీకు వేరే పని ఉందని, వాళ్లకి తెలియనివ్వకండి, తెలిస్తే తొందరపడి మింగుతారు, తొందరపడితే పొలమారుతుంది."

అమ్మాయి చెయ్యి మౌసు మీద ఆగింది. ఏదో అనాలనిపించింది. ఇంతలో మేనేజరు గారు అద్దాల గదిలోంచి చెయ్యి ఊపారు. "మళ్లీ చేస్తానక్కా," అని ఫోను పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు.

ఆడిట్ వాళ్లు అనుకున్నదానికన్నా ముందే వస్తున్నారని తెలిసింది.

"అమ్మాయ్, ఒక్క ఎర్ర తాళం కూడా కనపడకూడదు," అన్నారు మేనేజరు గారు. "సున్నా. వాళ్లు నన్ను అడుగుతారు, నేను నిన్ను అడుగుతాను. నిన్ను అడిగే పరిస్థితి నాకు తేకు."

"తేను సార్."

పట్టీలో పనులన్నీ ఒక్కొక్కటే కొట్టేసింది. పేర్లు పెట్టింది. రెండోవి తీసేసింది. లాప్‌టాప్‌లలో పాతబడిన కాపీలు చెరిగిపోయే ఏర్పాటు తన చేతులతోనే చేసింది. ఇక మీదట ఏ లాప్‌టాప్ అయినా ఆఫీసు తీగ తగిలించగానే, తాళం లేని పుస్తకాల కాపీలు అందులోంచి పోయి, బీరువాలో ఉన్నవి వాటి స్థానంలోకి వస్తాయి. ఇంటికి పట్టుకెళ్లిన పాత పుస్తకం పొరపాటున రోగి చేతికి వెళ్లకూడదు, అందుకని. మంచి ఏర్పాటే. ఫాంటన్నకీ, మిగతావాళ్లకీ బతిమాలి తాళాలు తీయించింది. చివరికి మిగిలింది అక్క పుస్తకం.

"అక్కా, రేపటికల్లా పుస్తకం పుట్టింటికి పంపెయ్యవూ? లాప్‌టాప్ కోసం మనిషిని పంపిస్తాను."

"ఇంకొక్క పేజీ ఉందే."

"ఉన్నంతవరకు పెట్టెయ్యక్కా. ఆడిట్ అయ్యాక మళ్లీ తీసుకుందువు గాని."

"సగం పెడితే మీ మేనేజరు సగమే అచ్చేయిస్తాడు. నేను చూడలేదా ఆయన్ని? ఆ చివరి పేజీ లేకపోతే మిగతాది ఎందుకే? ఇక మింగలేని రోజు వస్తే ఏం చెయ్యాలి, అది రాయాలి. అది నాకే ఇంకా తెలీదు. కొంచెం ఆగవే."

కొంచెం ఆగవే. ఆవిడ అడిగినది అంతే.

ఆడిట్‌కి ముందురోజు పొద్దుట్నుంచి అక్క ఫోన్ ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోతోంది. బావగారి ఊపిరితిత్తుల్లోకి నెమ్ము చేరిందనీ, ఆ తెల్లవారే ఆయన్ని మళ్లీ ఇక్కడికే తెచ్చారనీ, తను ఫోన్ చేస్తున్న ఆ వేళకి అక్క రెండంతస్తుల కింద, వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉందనీ తాళాలమ్మాయికి తెలియదు. తెలిసి ఉంటే మెట్లు దిగి వెళ్లేది. ఈ "తెలిసి ఉంటే" అన్నది తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

"రావట్లేదన్నా ఫోను," అంది ఫాంటన్నతో.

"ఒక్క తాళానికి ఏమైపోతుందమ్మా? కారణం రాసే గడి ఒకటుంది కదా బీరువాలో. రాసేవారు సెలవులో ఉన్నారు అని రాసి పారెయ్యి. ఆడిట్ వాళ్లూ మనుషులే."

"సార్ సున్నా అన్నారు."

"సార్ చాలా అంటారు. మొన్న నన్ను అచ్చుతప్పు అన్నారు. మనిషినే!"

ఆమె నవ్వలేదు. సున్నా అంటే సున్నాయే కదా. చిన్నప్పట్నుంచి ఆమె నెగ్గుకొచ్చింది అలాగే. చెప్పింది చెప్పినట్టు చేస్తే ఎవరూ వేలెత్తి చూపరు. పుస్తకం మీదికి బాణం గుర్తు తీసుకెళ్లింది. బీరువా ఒక హెచ్చరిక చూపించింది. తీసుకున్నవారు చేసిన మార్పులు నిలవకపోవచ్చు, కొనసాగించాలా అని. బీరువాలో నిలవవు, అక్క లాప్‌టాప్‌లో ఉంటాయిగా, అక్క రాగానే ఎక్కించేద్దాం అనుకుంది. పట్టీలో తను కొట్టేసిన మూడో పని ఆ క్షణాన గుర్తు రాలేదు. ఆ రెండు పనుల్నీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఏ పనికాపని సరిగ్గానే చేసింది.

"ఇచ్చేశావా విడాకులు?" అన్నాడు ఫాంటన్న అవతల నుంచి.

"ఇచ్చేశా."

తెర మీద అన్నీ పచ్చగా ఉన్నాయి.

ఆడిట్ వాళ్లు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. మేనేజరు గారు అందరికీ టీ తెప్పించి, తాళాలమ్మాయి కప్పు తనే అందించారు. ఉద్యోగం ఖాయమైన కాగితం చూసి వాళ్ల నాన్న గోడ మీది పట్టాని కాస్త పక్కకి జరిపి చోటు చేశాడు.

ఆ వారంలోనే బావగారు పోయారు.

తాళాలమ్మాయీ ఫాంటన్నా కలిసి అక్క ఇంటికి వెళ్లారు. ముందుగదిలో మంచం ఎత్తేశారు. దాని కాళ్లు ఆనిన చోట నేల మీద గుర్తులు మాత్రం ఉన్నాయి. కిటికీ గట్టు మీద చిన్న చెంచాలు నాలుగైదు, కడిగి బోర్లించి ఉన్నాయి. అక్క వాళ్లని కూర్చోమని, మంచినీళ్లిచ్చింది. లేచి వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర అంది.

"చివరి పేజీ రాసేశానే. రాత్రి నిద్ర పట్టక రాసేశాను. వచ్చి ఇచ్చేస్తాను."

"తొందరేం లేదక్కా," అంది అమ్మాయి. ఇప్పుడు నిజంగానే తొందరేమీ లేదు మరి.

కొన్నాళ్లకి అక్క ఆఫీసుకి వచ్చింది. చిక్కిపోయింది. లాప్‌టాప్ సంచిని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొచ్చింది. తన పాత కుర్చీలో కూర్చుని, మూత తెరిచి, కళ్లజోడు పెట్టుకుంది.

"పొద్దున ఇంకోసారి చదువుకున్నానే. ఒక్కచోట కామా పడిపోతే పెట్టాను. ఈసారి నీ ఎలుకల్ని కట్టేసుకో తల్లీ. కామా దగ్గర చెయ్యి ఆగాలి. చెంచా అక్కడ ఆగాలి. అది వాక్యం కోసం పెట్టింది కాదు, మనిషి కోసం పెట్టింది."

"ఒక్కటి కూడా ముట్టుకోనక్కా. ఒట్టు. ఇలా ఇవ్వు, తీగ నేను తగిలిస్తాను."

తనే తగిలించింది. తెర మూల చిన్న చక్రం తిరిగింది. పాతబడిన కాపీ సరిచేయబడింది అన్న వాక్యం ఒకటి వచ్చి, అంతలోనే పోయింది.

అది చదవగానే ఆమెకి గుర్తొచ్చింది. మూడో పని. తీగ లాగేసింది. లాగేస్తే ఏముంది?

అక్క పుస్తకం తెరిచింది. కాసేపు చూసింది. ఇంకో పేజీకి వెళ్లింది. వెనక్కి వచ్చింది.

"ఇది నాది కాదే," అంది.

రోగిని నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో కొద్దికొద్దిగా తినిపించవలెను. వాక్యమంతటికీ ఒక్క కామా లేదు.

అమ్మాయి చెప్పేసింది. ఫాంటన్న పెట్టిన మాట నాలుక దాకా వచ్చింది గానీ, పసుపూ కుంకాలూ పోయిన మనిషి ముందు విడాకులు అన్న మాట ఎలా అంటుంది? బీరువా వాడే ఆ పెద్ద మాటల్నే వెతుక్కుంటూ, తడబడుతూ చెప్పింది. బలవంతంగా తాళం తీశాననీ, కాపీలు చెరిగిపోయే ఏర్పాటు తనే చేశాననీ, రెండూ కలిస్తే ఇలా అవుతుందని తట్టలేదనీ చెప్పింది. కంప్యూటర్ల విభాగంవాళ్లు లాప్‌టాప్ పట్టుకెళ్లి కొన్నాళ్లు ఉంచుకుని, తల అడ్డంగా ఊపుతూ తెచ్చిచ్చారు. బీరువాలోకి ఒక్కసారి కూడా చేరనిదాన్ని బీరువా ఎక్కణ్నుంచి తెచ్చిస్తుంది?

అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మళ్లీ రాద్దామక్కా. నువ్వు చెప్పు, నేను టైపు చేస్తాను. ఎన్నాళ్లయినా సరే," అంది అమ్మాయి.

ఒక మధ్యాహ్నం కూర్చున్నారు. అక్క కళ్లు మూసుకుంది. వేళ్ల మధ్య చెంచా ఉన్నట్టే చెయ్యి ఎత్తింది. "చెంచా, పెదవి దాకా తెచ్చి," అంది. అక్కడితో ఆగిపోయింది. చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది.

"ఎదురుగా మనిషి లేకపోతే చెయ్యి ఎక్కడ ఆగాలో తెలియట్లేదే," అంది. చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది. "అప్పుడు ఈ చేతికే తెలిసేది. నేను దాన్ని చూసి రాసేదాన్ని."

తర్వాత, ఏదో ఆశ కలిగినదానిలా, మొహం ఎత్తింది.

"అవునే, నీకు చదివి వినిపించాను కదా! అంతా వినిపించాను, ఒక్క చివరి పేజీ తప్ప. నీకేమైనా గుర్తుందా?"

ఇంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వెయ్యలేరు. ఆవిడ వేద్దామని వేసింది కూడా కాదు. తాళాలమ్మాయి తల వంచుకుని వెతుక్కుంది. తన గొంతే వినిపించింది. ఊ. ఊ. బాగుందక్కా. ఆ మధ్యాహ్నాల్లో ఏ ఫైలుకి ఏ పేరు పెట్టిందో చెప్పమంటే వరసగా చెప్పగలదు.

"ఒక్కటే ఉందక్కా," అంది చివరికి. "మీకు వేరే పని ఉందని, వాళ్లకి తెలియనివ్వకండి, తెలిస్తే తొందరపడి మింగుతారు, తొందరపడితే పొలమారుతుంది."

కామా దగ్గరల్లా ఆగుతూ చెప్పింది. అక్క అలా ఆగుతూ చదివింది కాబట్టి, ఆగకుండా చెప్పడం ఆమెకి రాలేదు.

అక్క ఆమె వంక చూసింది. "అది ఆయన నేర్పిందే," అంది. "ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. మనసంతా అక్కడే ఉంది. కనిపెట్టేశాడు. గబగబా మింగబోయాడు పాపం, నన్ను పంపించెయ్యాలని." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నీకు చదువుతున్నప్పుడు కూడా అదే అనుకున్నానే. దీనికి పని ఉంది, నేనే గబగబా చదివేస్తున్నాను అని."

తర్వాత ఎక్కువ రోజులు అక్క ఉద్యోగంలో ఉండలేదు. రాజీనామా ఇచ్చి, ఇల్లు ఖాళీ చేసి, వేరే ఊళ్లో ఒక గదీ వంటిల్లూ తీసుకుని ఉంటోంది. తాళాలమ్మాయి ఫోన్ చేస్తే ఎత్తుతుంది, బాగానే మాట్లాడుతుంది, వాళ్ల నాన్నని అడుగుతుంది. పుస్తకం మాట ఇద్దరూ ఎత్తరు. ఇప్పుడు అమ్మాయి ఆ ఫోన్లు మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడే చేస్తుంది. ఎంతసేపైనా వింటుంది. అక్క దగ్గర మాత్రం చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు.

తాళాలమ్మాయి ఆ పుస్తకంలో "కొద్దికొద్దిగా తినిపించవలెను" అన్నదాని కింద ఆ ఒక్క వాక్యం చేర్చింది. అచ్చుకి పంపేముందు మేనేజరు గారు పిలిచారు.

"ఏంటమ్మాయ్, ఈ వాక్యం నిండా కామాలేంటి? రూలు రాసింది నేను, బట్టీ పట్టింది నువ్వు!"

"రూలు తప్పితే కారణం రాసే గడి ఒకటుంది సార్. రాశాను."

ఆయన కళ్లు చికిలించి తెరలోకి చూశారు. గడిలో "ఊపిరి తీసుకోవడానికి" అని ఉంది. ఆయన ఆమె మొహం చూసి, సంతకం పెట్టేశారు. ఈసారి నిటారుగానే స్కాన్ అయింది.

ఫాంటన్న ఆ విడాకుల మాట ఇప్పుడు వాడట్లేదు. ఎవరూ మానెయ్యమనలేదు. దానంతటదే పోయింది. ఏదైనా ఎర్ర తాళం ఎన్నాళ్లకీ తెరుచుకోకపోతే తాళాలమ్మాయి ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే మనిషి ఎక్కడున్నారో వెళ్లి చూసి వస్తుంది.

ఒక్కటి మాత్రం ఆమె చేతిలో లేకుండా పోయింది. ఆ పుస్తకాల మీద రాసినవాళ్ల పేర్లు వెయ్యరు. బీరువాలో మాత్రం, చివరిసారి మార్చినవారు అని ఒక గీత ఉంటుంది. ఆ వాక్యం పక్కన అక్కడ పడింది తాళాలమ్మాయి పేరు, కన్నవాళ్లు పెట్టిన పేరు. దాన్ని మార్చడానికి ఎన్ని రకాలుగా చూసినా బీరువా ఒప్పుకోలేదు. టైపు చేసిన చెయ్యి ఎవరిదన్నదే దానికి తెలుసు.

అందుకే ఇది చదివినవాళ్లని ఒక మాట అడగాల్సి వస్తోంది. ఎప్పుడైనా మీ ఇంట్లో మంచం పక్కన చెంచా పట్టుకుని కూర్చోవాల్సిన రోజు వస్తే, చెంచా పెదవి దాకా తెచ్చి ఆగినప్పుడు, గొంతు కదిలిందో లేదో చూస్తూ మీరు కూడా ఊపిరి తీసుకున్నప్పుడు, కామా అక్కని తలుచుకోండి. అలాంటి రోజు రాకపోతే ఇప్పుడే ఒకసారి తలుచుకోండి. కాకపోతే కాస్త మెల్లగా. ఆవిడ ఒక్కతే కూర్చుని తింటూ ఉంటుంది, పొలమారితే నెత్తి మీద తట్టేవాళ్లు, పక్కన ఎవరూ లేరు.